చాదస్తమంటే చాదస్తమే



ఈ టపా కొంత కోపంతో వ్రాస్తున్నాను. కోపంలో వ్రాసినదాన్ని మరునాడు చదువుకొని చింపివేయాలని మా గురువుగారు చెప్పేవారు. చింపడానికి ఇప్పుడు కాగితం లేదు కనుక మూడు రోజులు ఆగి, తిరిగి చదువుకొని, కోపం తగ్గలేదని రూఢి చేసుకొన్న తరువాతనే మీ ముందుంచుతున్నాను.

మా అన్నయ్యగారి మనుమడు ఒక సంస్థలో పనిచేస్తున్నాడు. సంస్థ పేరు అనవసరం. తూకం యంత్రాలకు లోపలి మెదడు తయారుచేసే పని వాళ్ళది. బల్ల మీద బరువు పెడితే దాని కింది లోడ్ సెల్ అనే లోహపు ముక్క వెంట్రుకవాసి వంగుతుంది, ఆ వంపు మిల్లీవోల్టుల విద్యుత్తుగా మారుతుంది, ఆ విద్యుత్తును ఏడీసీ అనే చిన్న చిప్పు అంకెగా మారుస్తుంది. అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్ అని దాని పూర్తి పేరు. ఆ చిప్పుతో మాట్లాడి అంకెను పైకి తెచ్చే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. లారీ డ్రైవరుకూ దీనికీ సంబంధం లేదు. కానీ సరుకు మార్గమధ్యంలో పోతే అడగవలసింది ఇద్దరినీ!

మొన్న సంక్రాంతికి కుర్రవాడు ఊరికి వస్తూ కంప్యూటరును వెంట తెచ్చుకొన్నాడు. తోటి ఉద్యోగి వ్రాసిన కొత్త భాగాన్ని చదివి "బాగుంది" అని సంతకం చేయవలసిన పని వాడి నెత్తిన ఉన్నది. ఆ భాగం కేలిబ్రేషనుకు సంబంధించినది. (నిఘంటువులలో దీనికి క్రమాంకనం అనే మాట ఉన్నది. నాకు నోరు తిరగక కాదు, వినేవాడికి అర్థం కాదని వాడడం లేదు.) వాడు చదివి, ఒక చోట అనుమానం వచ్చి, మర్యాదగా ఒక లేఖ వ్రాశాడు. పైఅధికారి నుండి ఒక్క వాక్యం జవాబు వచ్చింది. బోర్డు మీద ఆడుతోంది కదా, పండగ పూట ఇంత చాదస్తమేమిటి, సరే అని కొట్టెయ్యి అని.

చాదస్తం! ఆ మాట విన్న తరువాత నేను ఊరుకోలేకపోయాను. అది నా వృత్తికి చెందిన మాట. ఛందస్సు తెలిసినవాడు ఛాందసుడు. ఛాందసమే జనం నోట నలిగి చాదస్తమయింది. గురువు ఎక్కడ, లఘువు ఎక్కడ అని వేళ్ళు మడిచి లెక్కించేవాడిని చూసి లోకం నవ్వింది, నవ్వి ఆ విద్య పేరునే తిట్టుగా మార్చింది. ముప్పైనాలుగేళ్ళు తెలుగు పండితుడిగా ఆ తిట్టును నేను సంతోషంగానే మోశాను. కాని లెక్కించడమే వృత్తి అయినవాళ్ళు, లెక్కించడానికే యంత్రం తయారుచేసేవాళ్ళు, సరిగా లెక్కించమన్నవాడిని చాదస్తుడంటే ఇక తిట్టవలసింది ఎవరిని?

జరిగినది చెబుతాను.

ఆ రాత్రి భోజనాలయిన తరువాత వాడు వాకిట్లో దిగులుగా కూర్చొని ఉంటే, "ఏమిట్రా, నాకూ చెప్పు" అన్నాను. "నీకు అర్థం కాదు చిన్నతాతయ్యా" అన్నాడు. "అర్థం కాకపోతే పోనీ, పంక్తి పంక్తీ పైకి చదివి ఇది ఎందుకు ఉన్నదో చెప్పు చాలు. మా రోజుల్లో ఒకడు ప్రతిని చదువుతుంటే ఇంకొకడు వింటూ తప్పులు పట్టేవాళ్ళం" అన్నాను. బ్రౌను దొర కడపలో పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ పోల్చి చూపించినది ఆ పద్ధతిలోనే. రివ్యూ అనే ఇంగ్లీషు మాటకు సమీక్ష అంటే కొత్త సినిమా గుర్తుకు వస్తుంది. నేనైతే పరిష్కరణ అంటాను.

వాడు చదవడం మొదలుపెట్టాడు. వాళ్ళు వాడే చిప్పు హెచ్‌ఎక్స్ 711 అట. తూకం యంత్రాలలో విరివిగా కనబడే 24 బిట్ల ఏడీసీ. దాని దగ్గర నుండి అంకె తెచ్చుకొనే తీరు నాకు ముచ్చట గొలిపింది. ఒక తీగ మీద 24 సార్లు తట్టితే 24 బిట్లు ఒకటొకటిగా బయటికి వస్తాయి. తరువాత ఇంకొక తట్టు తట్టాలి. మొత్తం 25 తట్లయితే తరువాతి కొలత 128 రెట్ల హెచ్చింపుతోనూ, 27 అయితే 64 రెట్లతోనూ తీస్తుంది, 26 అయితే రెండవ చానలుకు మారి 32 రెట్లతో తీస్తుంది. తరువాతి కొలత అన్నది గమనించండి. అంటే ఇప్పుడు అడిగినదానికి ఫలితం ఇప్పుడు రాదు, వచ్చే విడతలో వస్తుంది. హెచ్చింపు మార్చిన వెంటనే చదివితే చేతికి వచ్చేది పాత హెచ్చింపు తాలూకు అంకె. పైగా మార్చిన తరువాత చిప్పు కుదుటపడడానికి నాలుగు కొలతల కాలం పడుతుంది. సెకనుకు 10 కొలతల వేగంలో అది 400 మిల్లీసెకన్లు. ఇంకొక పేచీ కూడా ఉన్నది. తట్టే తీగను 60 మైక్రోసెకన్లకు మించి పైకెత్తి ఉంచితే చిప్పు నిద్రలోకి జారుకొంటుంది. మధ్యలో కంప్యూటరుకు వేరే పని వచ్చి చెయ్యి ఆగితే కొలత పోయినట్లే. లినక్సులో ఈ చిప్పుకు ఉన్న డ్రైవరులో సరిగ్గా ఆ చోట, ఇక్కడ ఇతర పనులను ఎందుకు ఆపుతున్నామో చెబుతూ ఒక వ్యాఖ్య ఉన్నదని వాడు తెరిచి చూపించాడు. ఏమి చేస్తున్నామో కాదు, ఎందుకు చేస్తున్నామో చెప్పే వ్యాఖ్య. మల్లినాథుడి సంప్రదాయం పూర్తిగా అంతరించలేదని సంతోషించాను.

వాళ్ళ సంస్థ డ్రైవరులో అటువంటి వ్యాఖ్యలు లేవు.

చదువుతూ చదువుతూ ఒక పంక్తి దగ్గరకు వచ్చాడు. అంకె 83,88,607 కన్నా ఎక్కువైతే దానిని సున్నా చేసెయ్యి అని ఉన్నదక్కడ.

"ఇదెందుకురా?" అన్నాను.

"ఏమో, ముందునుంచీ ఉంది. ఇది కొత్తగా వ్రాసిన భాగంలోది కాదు. నేను అడిగింది కూడా ఇదే, ఇది ఎందుకు ఉందని. దానికే చాదస్తం అన్నారు" అన్నాడు.

ఇక్కడ ఆగి కాస్త వివరించాలి. 24 బిట్లతో 1,67,77,216 అంకెలు వ్రాయవచ్చు. సగం ధనాత్మకాలు, సగం రుణాత్మకాలు. రుణ సంఖ్యను గుర్తించే ఆనవాలు పైనున్న మొదటి బిట్టు. కంప్యూటరు మాత్రం 32 బిట్ల పెట్టెలో లెక్క చేస్తుంది. 24 బిట్ల రుణ సంఖ్యను 32 బిట్ల పెట్టెలో పెట్టేటప్పుడు ఆ గుర్తును ఎడమకు పొడిగించాలి. లినక్సులో దీనికి సైన్ ఎక్స్‌టెండ్ అని ఒక సిద్ధమైన సాధనం ఉన్నది. దానికి గుర్తు బిట్టు ఎన్నవదో చెప్పాలి. లెక్క సున్నా నుండి మొదలు కనుక 24 బిట్ల అంకెకు చెప్పవలసింది 23. ఎవరో 24 అని వ్రాశారు. బిట్లు ఎన్ని అన్నదానికీ, చివరి బిట్టు ఎన్నవది అన్నదానికీ తేడా! శ్రావణం ఎన్నవ మాసమో చెప్పమంటే నడిచిపోయిన మాసాలు లెక్కపెట్టి చెప్పినట్లు ఒకటి తేడా. దాంతో గుర్తు పొడిగింపు జరగనే లేదు. రుణ సంఖ్యలన్నీ 83,88,607కు మించిన ధన సంఖ్యలుగా కూర్చొన్నాయి.

తరువాత ఎప్పుడో ఏమి జరిగి ఉంటుందో మా వాడు ఊహించి చెప్పాడు. ఒక యంత్రంలో లోడ్ సెల్ సహజస్థితి సున్నాకు కొంచెం కిందుగా, రమారమి రుణ 6,000 దగ్గర ఉన్నదనుకోండి. లోడ్ సెల్ ఏదీ ఖాళీగా ఉన్నప్పుడు అచ్చంగా సున్నా చూపదు, అటో ఇటో ఉంటుంది, అది దాని పుట్టుక. కిలోకు 20,000 అంకెల లెక్కన ఆ యంత్రం ఖాళీ బల్లకు 838 కిలోలు చూపిస్తుంది. చూసినవాడు హడలిపోతాడు. హడలినవాడు కారణం వెదకకుండా, పెద్ద అంకె వస్తే సున్నా చూపించు అని ఒక పంక్తి వ్రాసి, "సరిచేశాను" అని ఇంటికి వెళ్ళిపోయాడు. ఖాళీ బల్ల ఇప్పుడు సున్నా చూపిస్తుంది. ఎవరికి అనుమానం వస్తుంది?

జ్వరం వచ్చినవాడి చేతిలో నుంచి థర్మామీటరు లాక్కోవడం ఇది.

ఇప్పుడు కొత్త కేలిబ్రేషన్ భాగం వచ్చి ఈ పాత పంక్తి మీద కూర్చొన్నది. దాని పని రెండు అంచెలు. మొదట ఖాళీ బల్ల అంకెను చదివి దాచుకోవడం. మా చిన్నతనంలో త్రాసులో ఖాళీ తట్టకు ఎదురుగా రాయో ఇసుకో పెట్టి ముల్లు నిలిపేవారే, ధడా కట్టడం, అదే ఇది. రెండవది, 50 కిలోల రాయి పెట్టి కిలోకు ఎన్ని అంకెలో తేల్చుకోవడం. లెక్కలో అపూర్వమేమీ లేదు. లినక్సులో ఇటువంటి పరికరాలకు ఐఐఓ అనే విభాగమున్నది, అక్కడి సూత్రం కూడా ఇంతే: పచ్చి అంకెకు సవరణను కలిపి, ఆపైన ప్రమాణంతో గుణించాలి. ముందు కలపడం, తరువాత గుణించడం. ఆ వరుస తప్పితే సంధికార్యాలు వెనుకముందులు చేసినట్లే, ఏర్పడే పదం వేరు.

మన యంత్రంలో అసలు అంకె రుణ 6,000. చదివేటప్పుడు ఆ దిక్కుమాలిన పంక్తి దానిని సున్నా చేసింది. ధడా సున్నా అని దాచుకొన్నది. తరువాత 50 కిలోల రాయి పెట్టారు. రావలసినవి 10,00,000 అంకెలు, వచ్చినవి 9,94,000. 50తో భాగిస్తే కిలోకు 19,880. ఇక తూచండి. ఖాళీ బల్ల సున్నా, భేషుగ్గా ఉన్నది. 50 కిలోల రాయి పెడితే 50, అదీ భేషుగ్గా ఉన్నది. పరీక్ష చేసేవాడు చూసేది ఈ రెండే. పైఅధికారి "బోర్డు మీద ఆడుతోంది" అన్నది ఇదే. (వాళ్ళ బల్ల మీది బోర్డుకు తగిలించిన లోడ్ సెల్ అంకె సహజంగా ధనాత్మకమట, కాబట్టి అక్కడ అసలు ఏ తేడా కనిపించదు. అది ఇంకొక అందం.)

ఇప్పుడు 5 కిలోలు పెట్టండి. 1,00,000 రావలసిన చోట 94,000 వచ్చి, 19,880తో భాగిస్తే 4 కిలోల 728 గ్రాములు. 272 గ్రాములు గాలికి పోయాయి. 10 కిలోలు పెడితే 241 గ్రాములు తక్కువ. 25 కిలోలకు 151 గ్రాములు తక్కువ. 50 దాటగానే తక్కెడ అటు మొగ్గుతుంది, 75 కిలోల బస్తాకు 151 గ్రాములు ఎక్కువ చూపుతుంది. 300 గ్రాముల లోపు ఏది పెట్టినా సున్నాయే.

వాడు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించేసరికి రాత్రి పదకొండయింది. నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకు పట్టలేదో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పాడేరు ప్రాంతంలో ఏడేళ్ళు పనిచేశాను. వారానికొక సంత. కొండ మీద నుండి ఆడవాళ్ళు చింతపండు, పసుపు తలమీద పెట్టుకొని తెల్లవారుజామున బయలుదేరి దిగి వచ్చేవారు. ఎవరి గంపలోనూ పది కిలోలు మించేది కాదు. షావుకారు కుంచంలో బొటనవేలు పెట్టి కొలిచేవాడు, త్రాసు పట్టుకొన్న చెయ్యి అదోరకంగా వంచేవాడు. అది మోసమని ఆ ఆడవాళ్ళకు తెలుసు. తెలుసు కనుకనే చేతి వంక చూస్తూ ఉండేవారు, ఒక్కొక్కసారి గొడవ పెట్టుకొనేవారు, గుప్పెడు ఉప్పు అదనంగా రాబట్టుకొనేవారు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చిన తరువాత ఎర్రని అంకెలు వెలుగుతాయి. అంకెకు బొటనవేలు లేదు. ఆమె ఎవరి చేతి వంక చూడాలి?

ఈ దోషం అందరినీ సమానంగా దోచేది కాదని గమనించారా? బస్తాలు తూచేవాడికి గ్రాములు కలుపుతుంది. 5 కిలోల గంప తెచ్చినదాని దగ్గర ఇరవయ్యవ వంతుకు పైగా లాక్కొంటుంది. ఏ దుర్మార్గుడూ ఇంత తెలివిగా పన్నలేడు. ఎవరూ పన్నలేదు కూడా. ఒకడు 23కు బదులు 24 వ్రాశాడు, ఒకడు హడలి అతుకు వేశాడు, ఒకడు చదవకుండా "బాగుంది" అన్నాడు. ముగ్గురూ మంచివాళ్ళే అయి ఉంటారు.

లీగల్ మెట్రాలజీ చట్టం 2009లో వచ్చింది, 2011 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది, తూకం యంత్రాలకు అధికారులు వచ్చి ముద్ర వేస్తారు, తప్పు అక్కడ దొరుకుతుంది కదా అని మా లెక్కల మాస్టారు అన్నారు. దొరకవచ్చు. చిన్న రాళ్ళతో కూడా శ్రద్ధగా పరీక్షిస్తే తప్పక దొరుకుతుంది. కాని ఆకాశం వైపు చూసి గొడుగు మానుకొన్నట్లు, చివర ఒక తనిఖీ ఉన్నదని మొదట చదవడం మానేస్తే ఎలా? ఆయనే ఇంకొక మాట కూడా అన్నారు. ప్రపంచంలో ఏ కొలతా అచ్చంగా ఉండదు, అన్నింటిలోనూ కాస్తో కూస్తో దోషం సహజం, దీనికింత గుండెలు బాదుకోవడం పంతుళ్ళకే చెల్లు అని. ఆయన లెక్కలు నేర్పినవారు కనుక ఆయన మాటతోనే ఆయనకు జవాబు చెప్పాను. గాలి వీచి అంకె అటూ ఇటూ ఊగితే అది ఒక దోషం. పదిసార్లు తూచి సగటు తీస్తే అణగిపోతుంది. ఎప్పుడూ ఒకవైపే లాగే దోషం ఉన్నదే, దాన్ని వెయ్యిసార్లు తూచి సగటు తీసినా అంతే ఉంటుంది, పైగా సగటు తీసినకొద్దీ నమ్మకం ఎక్కువవుతుంది. మొదటిది అజాగ్రత్త, రెండవది అబద్ధం. ఆయన కాసేపు ఆలోచించి, "అదీ నిజమే" అని కాఫీ తాగి వెళ్ళారు.

ఇక అసలు వాదానికి వస్తాను. "ఆడుతోంది కదా" అనేది పరిష్కరణకు జవాబు కాదు. నా విద్యలో దీనికి సమానమైన మాట, "ఛందస్సు సరిపోయింది కదా" అన్నది. తాళపత్రాలు ఎత్తివ్రాసే లేఖకుడు చేసే తప్పులు రెండు విధాలు. ఒకటి అర్థం లేని తప్పు. గణం తప్పుతుంది, యతి చెడుతుంది, చదివినవాడికి వెంటనే పంటికింద రాయిలా తగులుతుంది. అటువంటిది ఖాళీ బల్ల మీద 838 కిలోల వంటిది. ఎవడైనా పట్టగలడు, దానికి పండితుడు అక్కరలేదు. రెండవది అర్థం ఉన్న తప్పు. గణాలు సరిపోతాయి, యతి కుదురుతుంది, ప్రాస కుదురుతుంది, అర్థం కూడా ఒకటి పొసగుతుంది. అది కవి వ్రాసినది మాత్రం కాదు. అన్ని పరీక్షలలో నెగ్గి, వందల ఏళ్ళు పాఠ్యపుస్తకాలలో హాయిగా బతుకుతుంది. దానిని పట్టేది పరీక్ష కాదు, "కవి ఇక్కడ ఈ మాట ఎందుకు వేశాడు?" అని ఆగి అడిగే మనిషి. కొలతల యంత్రంలో తప్పు అంకె కూడా అంకెలాగానే ఉంటుంది. 4.728 చూసి ఇది తప్పు అని ఎవరు చెప్పగలరు? అది ఎర్రగా మారదు, మెరవదు, కేక వెయ్యదు.

అందరూ చెప్పే పెద్ద కథలు నాకూ తెలుసు. 1991 ఫిబ్రవరి 25న ధహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ గడియారం, సెకనులో పదవ వంతును 24 బిట్లలో కత్తిరించి వ్రాసిన పాపానికి, వంద గంటల నడకలో 0.34 సెకన్లు తప్పి, వస్తున్న స్కడ్ క్షిపణిని పట్టుకోలేక 28 మంది సైనికులు చనిపోయారు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్టు ఎగిరిన 37 సెకన్లకు, పెద్ద పెట్టెలోని సంఖ్యను 16 బిట్ల చిన్న పెట్టెలో కుక్కబోయి దారి తప్పింది. ఆ భాగం ఏరియన్ 4లో చక్కగా ఆడినదే, అక్కడి నుండి ఎత్తి తెచ్చినదే. ఇవి పత్రికల కెక్కాయి, విచారణ సంఘాలు కూర్చొన్నాయి, నివేదికలు వచ్చాయి. 272 గ్రాముల చింతపండుకు విచారణ సంఘం కూర్చోదు. అందుకనే దాన్ని ముందే చదివి పట్టుకోవలసిన బాధ్యత ఎక్కువ, తక్కువ కాదు.

పరిష్కరణ పేరిట జరిగే వేరే అన్యాయం కూడా ఒప్పుకోవాలి, లేకపోతే నా పక్షం వాళ్ళను మాత్రమే వెనకేసుకొచ్చినట్లవుతుంది. మా వాడు పాత ఉత్తరాలు కొన్ని చూపించాడు. అదే డ్రైవరు మీద గతంలో ఆరు విడతలు పరిశీలన జరిగింది. ఏమి పట్టారు? ఇక్కడ ఖాళీ ఒకటి ఎక్కువుంది, అక్కడ పంక్తి పొడవైంది, ఈ పేరు బాగాలేదు, ఆ కుండలీకరణం కిందికి దించు. ఆరు విడతలలో ఒక్కరూ 24ను చూడలేదు. మా పండితులలోనూ ఈ జాతి ఉన్నది. పద్యంలో అరసున్న పోయిందని అరగంట వాదించి, పద్యమే వేరొకరిదన్న సంగతి గమనించని మహానుభావులు. నేనూ తక్కువ తినలేదు. ఒకప్పుడు ఒక పిల్లవాడు ఎంతో మంచి వ్యాసం వ్రాస్తే, శకటరేఫలు తప్పాయని సగం మార్కులు కోశాను. వాడి ముఖం ఇప్పటికీ గుర్తున్నది. ఖాళీలు సరిచూడడానికి ఇప్పుడు యంత్రాలే ఉన్నాయట. ఆ పని వాటికి వదిలివేసి, మనిషి మనిషి పని చేయాలి.

ఇంకొక సంగతి. ప్యాచ్ చూపించే పద్ధతిలోనే ఒక చిక్కున్నది. మారిన పంక్తులు, వాటికి పైన మూడు, కింద మూడు పంక్తులు మాత్రమే కనిపిస్తాయి. పరిశీలకుడు ఆ కిటికీలో నుండి చూసి సంతకం చేస్తాడు. మన దోషం ఆ కిటికీలో లేనే లేదు! కొత్త భాగం తనకు తాను నిర్దోషం. అది నమ్ముకొన్న పాత భాగం దోషభూయిష్టం. ఒక్క పద్యాన్ని చించి చేతిలో పెట్టి, "ఇది ఎవరు ఎవరితో అన్న మాట?" అని అడిగితే ఆశ్వాసం మొత్తం చదివినవాడే చెప్పగలడు. కేలిబ్రేషన్ భాగాన్ని పరిశీలించేవాడు అంకె పుట్టిన చోటు నుండి, అంటే ఆ చిప్పు కాలి నుండి, తెర మీద వెలిగే దాకా దాని వెంట నడవాలి. దారిలో ఏయే బిట్టు ముందు వస్తున్నదో చూడాలి. (అంకెలకు ఎడమకు నడక అని మన పూర్వుల కట్టడి. నేత్ర బాణ వేద చంద్ర అంటే 2541 కాదు, 1452. కంప్యూటర్లలోనూ కొన్ని అలా చదువుతాయి, కొన్ని ఇలా చదువుతాయి, చిప్పు ఒకలాగా పంపి డ్రైవరు ఇంకొకలాగా చదివితే శాసనం తేదీ వెయ్యేళ్ళు తప్పుతుంది.) 24 బిట్ల అంకెను దేనితో గుణిస్తున్నారో చూడాలి. 32 బిట్ల పెట్టెలో పట్టేది 4,29,49,67,296 లోపు మాత్రమే, అంటే 24 బిట్ల నిండు అంకెను 256ను మించిన ఏ పూర్ణాంకంతో గుణించినా పొంగిపోతుంది. 2,500 మిల్లీవోల్టులతో గుణించే పంక్తి ఒకటి అదే డ్రైవరులో ఉన్నదట, అది వేరే కథ, వాడు దానికి వేరే ఉత్తరం వ్రాశాడు. దానికి ఇంకా జవాబు రాలేదు.

లినక్సు వాళ్ళ దగ్గర ఒక ఆచారం నాకు నచ్చింది. పని వ్రాసినవాడు తన పేరుతో బాధ్యత స్వీకరిస్తూ ఒక పంక్తి కలపడం 2004 నుండి ఉన్నదట. చదివినవాడు "రివ్యూడ్ బై" అని తన పేరు కలిపితే అది ఉత్త మర్యాద కాదు. నేను సాంకేతికంగా పరిశీలించాను, నాకు తోచిన దోషాలు వ్రాసినవాడికి చెప్పాను, అతని జవాబులతో తృప్తి చెందాను అని దాని అర్థమని నియమాలలోనే వ్రాసి పెట్టుకొన్నారు. మూలప్రతిలో ఆ పేర్లు శాశ్వతంగా ఉంటాయి. మన తాళపత్రాల చివర లేఖకుడు తన పేరు, ఊరు, తిథి వ్రాసుకొని, తప్పులుంటే మన్నించమని వేడుకొనేవాడు. సంతకం చేయడమంటే అదీ! ఆ పైఅధికారి చేయమన్నది సంతకం కాదు, వేలిముద్ర.

"విడుదల తేదీ దగ్గర పడింది" అన్నది వాళ్ళ మరొక వాదం. ఏ తేదీ? కుర్రవాడు ఆ ప్రశ్న వ్రాయడానికి పట్టినది పది నిమిషాలు. జవాబు వెదకడానికి అరపూట. యంత్రం సంతకు చేరిన తరువాత ఇదే తప్పును సరిచేయాలంటే ప్రతి కాటా దగ్గరకూ మనిషి 50 కిలోల రాయి మోసుకొని వెళ్ళాలి, ఎందుకంటే డ్రైవరును మార్చినా లోపల దాచుకొన్న తప్పు ధడా, తప్పు భాగహారం అలాగే ఉంటాయి. అంతకాలం పోయిన చింతపండు ఎవరు తిరిగి ఇస్తారో మాత్రం నేను అడగను. అడిగితే అదీ చాదస్తమే అంటారు.

పండుగ మరునాడు వాడు సంస్థలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాడు. ప్రయోగశాలలో వేరే లోడ్ సెల్ తగిలించి, ఖాళీ అంకె రుణాత్మకంగా ఉన్నదో లేదో చూసి, దాని మీద పావుకిలో రాయి పెట్టమన్నాడు. అతను పెట్టాడు. "సున్నా చూపిస్తోందిరా" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వాడు రెండవ ఉత్తరం వ్రాశాడు, ఈసారి లెక్క మొత్తం జతపరచి. వ్రాసేటప్పుడు నేను పక్కనే కూర్చొన్నాను. "కాస్త మెత్తగా వ్రాయనా?" అని అడిగాడు. విశేషణాలన్నీ తీసెయ్యి, అంకెలు ఉంచు అన్నాను.

మూడవ ప్రతిలో ఆ పంక్తి తీసివేశారు, 24ను 23 చేశారు. పైఅధికారి ఏమీ అనలేదట. అననక్కరలేదు కూడా.

ఇప్పటికే బయటికి వెళ్ళిన యంత్రాల మాట మిగిలింది. దానికి మా వాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఏ లోడ్ సెల్ అయినా ఖాళీగా ఉన్నప్పుడు అచ్చంగా సున్నా చూపదు కదా, కాబట్టి దాచుకొన్న ధడా విలువ అచ్చంగా సున్నాగా ఉన్న యంత్రం ఏదైనా సరే అనుమానించవలసినదే. మిల్లుల్లోనూ సంతల్లోనూ ఉన్నవాటి నుండి ఆ విలువలు తెప్పించి చూడమని ఒక ప్రతిపాదన పెట్టాడు. ఇటువంటి పనిలో ఉన్న మిత్రులెవరైనా ఈ టపా చదువుతుంటే మీ దగ్గరా ఒకసారి చూడండి.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. మొదట తెప్పించిన యంత్రం విలువ చూశారట.

"ఎంతరా?" అన్నాను.

"సున్నా, చిన్నతాతయ్యా" అన్నాడు.